అసహ్యించుకోవడం నేర్పిన అమ్మగారు

మా ట్రైనింగు స్కూలు పెద్ద టీచరమ్మ గారు పోయారని మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక చెప్పారు. సాయంత్రానికల్లా సంతాప సభ పెట్టేశారు. మాట్లాడినవాళ్లందరూ ఆవిడని శాంతమూర్తి అన్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు. రాజోలు చుట్టుపక్కల బడుల్లో ఆవిడ చేత చీవాట్లు తినని టీచరు ఒక్కరుంటే చూపించండి! పోయిన మనిషికి తమకి నచ్చిన ముఖం తగిలించడమేమిటి? అసలు ముఖం నాకు తెలుసు. ముక్కు పక్కన ముడత పడేది, పెదవి ఓ పక్కకి లాగేది, "ఛీ" అనేవారు. ఆ ఛీకి భయపడే మేమంతా టీచర్లమయ్యాం.

మిషను వారి ట్రైనింగు స్కూల్లో ఆవిడ మాకు పాఠం చెప్పే పద్ధతి నేర్పేవారు. ఒకరు పిల్లలకి పాఠం చెబుతుంటే మిగతావాళ్లం వెనక కూర్చుని తప్పులు పట్టాలి. ఓసారి మమ్మల్ని ఒక పల్లెటూరి బడికి తీసుకెళ్లారు. అక్కడి మాష్టారు కుర్చీలో కునుకు తీస్తూ, ఇద్దరు పిల్లల చేత కాళ్లు పట్టించుకుంటున్నాడు. ఆవిడ గొడుగుతో కుర్చీని టకటకా కొట్టి, "లేవండి. ఛీ! ఆ చేతులతో అక్షరాలు దిద్దాల్సిన పిల్లలండి వాళ్లు" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు పడవలో నాతో, "టీచరుకి అసహ్యం ఉండాలమ్మాయ్. లేకపోతే ఏదైనా అలవాటైపోద్ది" అన్నారు.

మా పేట నుంచి ట్రైనింగుకి వెళ్లిన మొదటి ఆడపిల్లని నేను. ఊళ్లోవాళ్లు మమ్మల్ని గడప తొక్కనివ్వని రోజులు. స్వరాజ్యం వచ్చిందని జెండాలు ఎగరేసిన మరుసటేడే అది. చదువు చివర పరీక్షాధికారి ముందు ఒక పాఠం చెప్పి నెగ్గితే సర్టిఫికెట్ ఇస్తారు. మా పేట బడిలో ఉద్యోగం నాకోసం ఖాళీగా ఉంచారు. మా నాన్న అప్పుడే కనిపించినవాళ్లందరికీ చెప్పేసుకున్నాడు. నా పాఠం కాలవ అవతలి ఊళ్లో పడింది. అక్కడ బడి మునసబు గారి సావిట్లో నడిచేది.

మునసబు గారు వాకిట్లోకే ఎదురొచ్చారు. ఆయన మర్యాద తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

"రండి టీచరమ్మ గారూ, ఎండనపడి వచ్చేరు. మీకు అరుగు మీద కుర్చీ వేయించేనండి. అమ్మాయి గారేమో ఈ గుమ్మం బయట నుంచుని చెబుతారండి. పిల్లలు లోపల్నుంచి వింటారు. ఎవరికీ ఇబ్బంది ఉండదండి, ఆయ్."

ఆయ్ అట! తిట్టినా బాగుండేది. నన్ను వాకిట్లో నిలబెడుతూ "గారు" తగిలించాడే, ఆ గారుకి నాకు వాంతి వచ్చినంత పనైంది.

పరీక్షాధికారికి ఆ పూట భోజనం మునసబు గారింట్లోనే. లోపల పప్పు పోపు ఘుమఘుమలాడుతోంది. ఆయన, "పోనిద్దురూ టీచరమ్మ గారూ, గుమ్మం బయటైనా పాఠం పాఠమేగా" అన్నాడు.

"ఆయ్. అయితే మీరూ గుమ్మం బయటే విస్తరి వేయించుకోండి. అన్నం అన్నమేగా" అన్నారు ఆవిడ.

నేను ఆవిడ కొంగు పట్టుకున్నాను. "అమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను, బయటినుంచే చెప్పేస్తానండి. నా సర్టిఫికెట్ పోద్దండి" అని ఏడ్చాను. మునసబుని ఎలా చూశారో నన్నూ అలాగే చూశారు. "పదవే" అన్నారు. అంతే, పాఠం లేదు. నేను పరీక్ష తప్పాను.

మర్నాడు ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో నడిచి మా ఇంటికొచ్చారు. మా నాన్న, "మీ రోషం మీదండి అమ్మగారూ. ఏడాది మాత్రం మా పిల్లదండి" అన్నాడు.

"ఆయ్, నిజమేనండి" అన్నారు ఆవిడ. ఒక్క ముక్క సమర్థించుకోలేదు. బైబిలు తెరవలేదు. "మళ్లీ పంపండి, నా గదిలో ఉంచుకుంటాను" అన్నారు. అమ్మ పంపింది. నాన్న ఆవిడతో మళ్లీ మాట్లాడలేదు.

ఊరి పెద్దలతో గొడవ పెట్టుకున్నందుకు మిషను పెద్దలు ఆవిడని పిలిపించి మందలించారు. మొన్న సభలో శాంతమూర్తి అన్నవాళ్లలో ఇద్దరు ఆ పెద్దలే. సిగ్గు లేకపోతే సరి! ఆవిడ మాత్రం మునసబు గారి బడికి మమ్మల్ని పాఠాలు చెప్పడానికి పంపడం మానేశారు. ఆ ఏడాదంతా నేను ఆవిడ గదిలోనే పడుకుంటూ ఆవిడ మీదే పళ్లు నూరాను. ఆవిడకి తెలుసు. తెలిసే రోజూ పొద్దున్న నాకు చద్దన్నంలో మజ్జిగ పోసి, మాగాయ ముక్క వేసి ఇచ్చేవారు. తింటూ కూడా ముఖం చూసేదాన్ని కాదు.

మరుసటేడు నా పాఠం ఇంకో ఊళ్లో పడింది. మునసబు గారింటి సంగతి అప్పటికే చుట్టుపక్కలంతా పాకింది. ట్రైనింగు వాళ్లు రాకపోతే ఒంటి టీచరుతో బడి కుంటుపడుతుందని అక్కడి పెద్దల బెంగ. అందుకని గుమ్మం మాట ఎవరూ ఎత్తలేదు. మనసు మారి కాదు, గతిలేక. నేను లోపలికి వెళ్లాను. అమ్మగారూ పరీక్షాధికారీ వెనక కూర్చున్నారు.

తీసివేతలు చెబుతున్నాను. ముందు వరసలో ముక్కు కారుతున్న పిల్ల ఒకతి, పెద్దింటి పిల్లే, లెక్క తప్పు చేసింది. పలక మీద ఉమ్మి, అరచేత్తో రుద్ది, మళ్లీ చేసి, ఆ తడి పలకని తీసుకొచ్చి నా చేతిలో పెట్టేసింది. దాని ఎంగిలి నా వేళ్లకి అంటింది. లెక్క చూస్తే ఈసారీ తప్పే. పక్కన చతికిలబడి, దాని చెయ్యి నా చేత్తో పట్టుకుని అంకెలు వేయించాను. ఆ పిల్ల నా భుజానికి ఆనుకుంది.

వెనక ఎవరో వెక్కినట్టు చప్పుడైతే తలెత్తాను. అమ్మగారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. కొంగు నోట్లో కుక్కుకున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.