చీకట్లో తిన్న రుచి

తీతు కాకది మా పక్కిల్లు. ముప్పై రెండేళ్లు బాయిలోకి, అంటే బొగ్గు గనిలోకి దిగి టబ్బులు నింపినవాడు. రిటైరై రెండేళ్లయింది. సకల జనుల సమ్మె అయిన మరుసటి వేసవిలో, ఒక శనివారం పొద్దున, టిఫిన్ గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. ఎమ్మే పరీక్షలు రాసి వరంగల్ నుంచి అప్పుడే వచ్చాను.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. జర రుచి చూసి చెప్పు."

గిన్నెలో పుంటికూర, అంటే గోంగూర, అందులో ఎండుచేప ముక్కలు. నోట్లో పెట్టుకున్నాను. చదువుకూ దీనికీ ఏం సంబంధమో తెలియలేదు.

"ఉప్పు ఎక్కువైంది కాకా."

"మూడోసారి వండుడు. మూడుసార్లు గిట్లనే అయింది. మీ చిన్నమ్మది గిట్లుండకపోయేది."

కాక భార్య సుసన్నా చిన్నమ్మ చనిపోయి ఆ సోమవారానికి ఏడాది. ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసిన నలుగురు వస్తామన్నారు. బాయిలో చిన్నమ్మ కట్టిచ్చిన టిఫిన్ కోసం కొట్లాడుకున్నవాళ్లే ఆ నలుగురూ. వాళ్లకు ఆ పుంటికూరే పెట్టాలని కాక పట్టుదల. చిక్కేమిటంటే, ఆ కూర చిన్నమ్మ డ్యూటీ టిఫిన్‌లోకి మాత్రమే వండేది. ఇంట్లో ఎవరూ తిని ఎరగరు. ఎలా వండాలో ఎవరికీ తెలియదు.

"మార్కెట్ల అడుగుదాం పా. ఏం కొన్నదో అమ్మినోళ్లకు ఎరుకుంటది గదా? నువ్వు రాసుకో."

ఆ మాట నాకు నచ్చింది. మనిషి వండిన కూరను, ఆమెకు సరుకు అమ్మినవాళ్ల జ్ఞాపకంలో వెతకడం. పుస్తకం, పెన్ను తీసుకుని బయల్దేరాను.

గోదావరిఖని మార్కెట్టుకు నేను అమ్మ వెంట ఎన్నోసార్లు వచ్చాను. కానీ ఎప్పుడూ తల వంచుకుని సంచీ మోయడమే. కాకకైతే మార్కెట్టే కొత్త. కొనడం, వండడం అన్నీ చిన్నమ్మవే. గేటు దగ్గర ఆగి, చేతిని కనుబొమ్మలకు అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు.

"గిది మెయిన్ డిప్పు అన్నట్టు," అన్నాడు నడిమి దారి చూపించి. బాయిలో కిందికి దిగే పెద్ద దారి పేరది. అడ్డంగా చీలిన వరుసలు ఆయన లెక్కలో లెవల్లు. "ఆకుకూరలు ఒకటో లెవల్. చేపలు మూడో లెవల్ గావచ్చు, వాసన ఆడికెల్లే వస్తుంది."

నిజంగానే మూడో వరుస చివర ఎండుచేపల ఐలవ్వ కూర్చుని ఉంది. తట్టల్లో బొమ్మిడాయిలు, రొయ్యలు, పక్కన నరికి ఎండబెట్టిన పెద్ద చేప తలలు. అవతల ఉత్తరాది కార్మికుల కోసం ఆవనూనె అమ్మే కొట్టు. ఆ ఘాటూ ఈ నీచూ కలిసి ముక్కు పుటాలు అదిరిపోయాయి.

"ఐలవ్వా, నేను సుసన్నా పెనిమిటిని."

"ఎరుకనే తీతన్నా. నీ తిండి ముచ్చట్లు ఇన్నేండ్లు ఇన్న, మొఖం గిప్పుడు చూస్తున్న."

"మా ఆమె నీ దగ్గర ఏ చేప కొనేది?"

ఐలవ్వ ఈగలు తోలుతున్న విసనకర్ర ఆపింది. నా వైపు చూసింది, నా పుస్తకం వైపు చూసింది.

"గీ పొల్ల ఎందుకు రాస్తుంది?"

"నాకు యాదుండదని. చెప్పు."

"చేప కొనలే."

"కొనకుంటె ఎట్ల? ఇన్నేండ్లు నేను తిన్న గదనే!"

"నువ్వేం తిన్నవో నీకే ఎరుక. నీకు చెప్పద్దని నా కాడ మాట తీసుకున్నది. దేవుని మీద ఒట్టు పెట్టుడు మీ బైబిల్ల తప్పట. అందుకని నా చేపల తట్ట మీద పెట్టిచ్చింది."

కాకకు నవ్వాలో అలగాలో తెలియలేదు. ఐలవ్వ కాసేపు తట్ట అంచు నిమురుతూ కూర్చుంది. తర్వాత, పోయిన మనిషి గుట్టు ఎన్నాళ్లు మొయ్యాలె అంటూ చెప్పేసింది.

పదేళ్ల కిందట దవాఖానాలో కాకకు బీపీ ఉందన్నారు. ఉప్పు తగ్గించాలి, ఎండుచేపలు బంద్. అది విని కాక, చేప లేని టిఫిన్ బాయిలోకి తీసుకుపోనని మొండికేశాడు. చిన్నమ్మ నవ్వి సరేనంది. ఆ వారం నుంచి ఐలవ్వ దగ్గర తట్ట అడుగున మిగిలే రొయ్యపొట్టు గుప్పెడు మాత్రం తీసుకుపోయేది. వాసన కోసం.

"మరి ముక్కలు? నమిలిన గదనే!"

"గా ముచ్చట సారవ్వనడుగు. గేటు కాడ, ఒరుగులు అమ్ముతది."

సారవ్వ ముందు గోనెపట్టా మీద ఎండిన టమాటా, కాకర చక్రాలు, ముదురు గోధుమరంగులో ముడుచుకుపోయిన వంకాయ ముక్కలు. అడగ్గానే ఆమె వంకాయ ఒరుగులే దోసిట్లోకి తీసింది.

"సుసన్నక్క ఏరుకునేది. సన్నంగ, పొడుగ్గ ఉన్నయే కావాలనేది. చేప తీరుగ."

కాక ఒక ముక్క తీసుకుని ఎండలో అటూ ఇటూ తిప్పాడు. మామూలు వంకాయ. ఎవరు చూసినా వంకాయే అంటారు. కానీ ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదు. భూమి లోపల, తలమీది లైటు ఆర్పి పక్కకు పెట్టి, చీకట్లో తడుముకుంటూ తిన్నాడు. ఆయనే కాదు, ఆ నలుగురూ అంతే.

మధ్యాహ్నం కాక వండాడు. ఒరుగులు నానబెట్టి, పుంటికూరలో ఉడికించి, రొయ్యపొట్టు వేయించి కలిపాడు. ఉప్పు నేను వేశాను, కొంచెమే. ఒక ముద్ద తిని మొహం ముడుచుకున్నాడు.

"వంకాయ కూర బిడ్డా ఇది. గా రుచి గాదు."

నాకూ అలాగే అనిపించింది. పుస్తకం మూయబోతుంటే కాక లేచాడు. వంటింటి కిటికీ మూశాడు. సందులోంచి వెలుతురు వస్తుంటే గోనెసంచి కుక్కాడు.

"తలుపు దగ్గరికెయ్యి."

వేశాను. కటిక చీకటి. గొంతుక్కూర్చున్న చప్పుడు, గిన్నె మూత తీసిన చప్పుడు. తర్వాత నమలడం. ఆగింది. మళ్లీ నమలడం. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"మా షిఫ్టు మొగిలిగాడు," అంది చీకట్లోంచి ఆయన గొంతు, "గీ ముక్కకే నా చెయ్యి గుంజేటోడు. నడిమి ముక్క నాదంటే నాదని."

కాసేపటికి గిన్నె నా వైపు జరిగింది. తడుముకుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. పులుపు, రొయ్య వాసన, పళ్ల కింద సాగే ముక్క. అది చేపే.

"సోమవారం వాళ్లకు చెప్తారా కాకా?"

"తిన్నంక చెప్త. ముందుగాల చెప్తే మొగిలి ముట్టడు."

"బయట పందిరి వేయించారు కదా. వెలుతురులో కనిపెట్టరా?"

కాక ఆలోచించాడు.

"ప్రార్థన పందిట్ల. బువ్వ మాత్రం ఈడ, కిటికీలు మూసి," అన్నాడు. "పాస్టరు గారికి కూడ గిన్నె ఈడనే పెడత. నువ్వు గా సంచి మంచిగ కుక్కు, ఇంకా సన్నంగ వెలుగొస్తుంది."