ఎవరికీ తగలని గుండు

2003లో ఇంగ్లండులోని న్యూకాసిల్ ఆసుపత్రిలో నర్సుగా చేరాను. సెలవు రోజుల్లో మావారు మట్టిలో పూడిపోయిన పాత నాణేలూ అవీ దొరుకుతాయేమోనని మెటల్ డిటెక్టర్‌తో పొలాలు గాలించేవారు. ఒక శనివారం నేనూ వెళ్లాను. రైతు అనుమతిచ్చిన పొలంలో డిటెక్టర్ కుయ్‌మన్న చోట తవ్వితే తెల్లటి గోళీలాంటిది దొరికింది.

"గులకరాయేమోనండీ," అన్నాను.

"కాదు, బరువు చూడు. సీసం. పాతకాలం తుపాకీ గుండు. మట్టిలో ఉండి ఉండి తెల్లబడింది. ఇప్పటి బుల్లెట్టయితే మొనదేలి, పైన రాగి తొడుగుంటుంది."

"దీంతో ఎవరైనా పోయారంటారా?"

ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశారు. "దేనికైనా తగిలితే నొక్కుకుపోయేది. ఇది గుండ్రంగానే ఉంది. ఎవరి సంచిలోంచో జారిపడి ఉంటుంది."

వారమంతా వార్డులో గాయాలకు కట్లు కట్టి వచ్చిన నాకు, ఆ మాటతో ప్రాణం తేలికపడింది. ఇంటికి తెచ్చి, కడిగి, వంటింటి కిటికీలో పెట్టుకున్నాను.