చీనీ తోట మాట

ఆ రోజు పొద్దున్నుంచి నేను ఒక్కచోట కూర్చోలేదు. టీవీ ముందు నిలబడడం, వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు అటూ ఇటూ జరపడం, మళ్లీ టీవీ దగ్గరికి రావడం. ఏ చానల్ పెట్టినా మా ఆయనే. జమ్మలమడుగులో పార్టీ మీటింగు, ఆయన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుతాడు, విసురుతాడు. అక్కడ ఆపి మళ్లీ మొదటినుంచి వేస్తారు. కింద ‘టికెట్ ఆశావహుడి వీరంగం’ అని అక్షరాలు పరుగెత్తుతుంటాయి.

కుర్చీ ఎత్తకముందు ఆయన ఏమడిగాడో ఒక్కరూ వేయలేదు. నా కడుపుమంట అదీ. పులివెందుల దగ్గర మా నాయన నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చీనీ తోట, అదే బత్తాయి తోట, అమ్మి, ఆ దుడ్లతోనే ఈయన అయిదేళ్లు పార్టీని మోశాడు. ర్యాలీలకు బండ్లు, వచ్చినోళ్లకల్లా బిర్యానీ, అన్నీ నా తోటే. తీరా ఎన్నికలు దగ్గరపడేసరికి టికెట్ మొన్న చేరిన కాంట్రాక్టరుకని చెప్పారు. పైనుంచి వచ్చిన పరిశీలకుణ్ణి మా ఆయన, ఆ కాంట్రాక్టరు వైపు చెయ్యి చూపి, అడిగింది ఒక్కటే.

“నా ఖర్చు నా పెండ్లాం తోట. ఈయప్ప ఖర్చు ఎవరిదో ఈడ చెప్పు.”

ఎవరో నవ్వారట. కుర్చీ లేచింది అప్పుడు.

టికెట్ మీద నాకు ఆశ ఎప్పుడో పోయింది. నా తోట ఏమైందో నలుగురికీ తెలియాలి, అంతే. పుట్టింటివాళ్లేమో ఫోన్ చేసి, మీ ఆయన తాగి మీటింగుకు పోయినాడంట గదా అని అడుగుతున్నారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

మధ్యాహ్నం ప్రొద్దుటూరులో మా ఇంటికి ఒక టీవీ విలేకరి వచ్చాడు, వెంట కెమెరా మనిషి. హమ్మయ్య, ఇప్పుడైనా అడుగుతారనుకున్నాను. టీ పెట్టి, చీర మార్చుకుని, చెప్పాల్సిందంతా మనసులో వరసగా పెట్టుకుని వచ్చాను. నేను నోరు తెరిచేలోగా అతను మా ఆయనతో, ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియోలో తలలు అడ్డమొచ్చినాయన్నా, నీ మొహం సరిగా పడలేదు, ఇంకొకసారి విసురు అన్నాడు. తోట సంగతి ఎత్తితే, అది పెద్ద కథక్కా, టైము చాలదు అన్నాడు.

మా ఆయన వాణ్ణి తిట్టి పంపుతాడని చూశాను. ఆయన చొక్కా సర్దుకున్నాడు. వాకిట్లో ఉన్న కుర్చీ వైపు చూసి, “యాడ నిలబడాల?” అని అడిగాడు.

నేను పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను.

“లెయ్ మే,” అన్నాడు.

“లెయ్యను. తోట గురించి అడగమను, అప్పుడు లేస్తా.”

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని గుంజాడు. నేను గట్టిగా కూర్చున్నాను. కెమెరా మనిషి తీస్తూనే ఉన్నాడు.

సాయంత్రం వేశారు, ‘ఇంట్లోనూ కుర్చీ కొట్లాటే’ అని. తోట మాట లేదు. మా ఇద్దరి మొహాలూ మాత్రం బాగా పడ్డాయి.