కరుణ గురించి నేను రాసిన మాట

పదకొండేళ్లుగా ఒక్క వాక్యాన్ని మోస్తున్నాను. నేనే రాసింది. మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను.

రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. కరుణ ఫైనలియర్ అమ్మాయి. వాళ్ల నాన్న పొలం కూలీ. సముద్రం దగ్గరి వాళ్ల ఊళ్లో ఉప్పునీరెక్కిన చేలల్లో కొన్ని వరి దుబ్బులు మాత్రం పచ్చగా ఎందుకుంటున్నాయని అడిగింది. పుస్తకంలో ఉన్నదేదో చెప్పాను. ఆమె ఊరుకోలేదు. పాత బకెట్లలో ఉప్పునీళ్లు పోసి, నారు పెంచి, రోజూ వేళ్లు కొలిచి, నేను చెప్పింది తప్పని క్లాసులోనే, ఎంతో మర్యాదగా చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ ఏడాదే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చేసే కోర్సుకి బెంగళూరులో ఒక పరిశోధన సంస్థకి అప్లై చేసింది. ఎంట్రన్స్ గట్టెక్కింది. వాళ్లు నా అభిప్రాయం అడిగారు. నేను పీహెచ్‌డీ మధ్యలో వదిలేసినవాణ్ణి. 'కష్టపడే అమ్మాయి. సొంతంగా ఆలోచించే శక్తి మాత్రం లేదు' అని రాశాను. కోపంలో రాశానా? కాదు. కాఫీ తాగుతూ, నెమ్మదిగా, అక్షరదోషాలు కూడా చూసుకుని రాశాను.

సీటు రాలేదు. కరుణ స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది.

"నాలో ఏం తక్కువైందంటారండీ సార్?"

"పోటీ ఎక్కువమ్మా. బీఈడీ చెయ్యి, సెటిలవుతావు."

"ఇక్కడే ఎమ్మెస్సీ బోటనీ చేస్తేనండీ?"

"చేసి? ఉద్యోగాలెక్కడున్నాయి?"

"మీరు నా మంచికే చెబుతారు సార్" అని వెళ్లిపోయింది.

బీఈడీ చేసింది. ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో టీచరు. పోయిన నెల నిడదవోలు స్టేషన్లో కనిపించింది. బాగా చిక్కిపోయింది. మొక్కలేమైనా పెంచుతున్నావా అని అడిగాను. ఎందుకడిగానో! "టైమెక్కడిదండీ" అని నవ్వి, నా బ్యాగు అందుకుని రైలెక్కించింది. బండి కదిలేదాకా కిటికీ పక్కనే ఉంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

చెబితే ఎవరి బరువు తగ్గుతుంది? నాదేనా? కానీ లోపం తనదేననుకుంటూ ఆమె ఇన్నేళ్లు బతికింది కదా, ఆ బరువు నేను కాక ఇంకెవరు దించాలి? ఆమె దగ్గరికి వెళ్తానో లేదో తెలియదు. నా పిరికితనం నాకు తెలుసు.

క్షమించమని మిమ్మల్ని అడగను. కరుణలో ఏమీ తక్కువ లేదు. నాకంటే బాగా ఆలోచించింది, అందుకే అలా రాశాను. ఇన్నాళ్లకి ఈ నిజం నా చేత్తో రాయగలిగాను. కాస్త ఊపిరాడుతోంది. అంతే.