రెండు చేతులకూ వేరు వేరు కొలత

మా కోడలు దేవత అని రాయడానికి నేను కూర్చోలేదు. పోయినవాళ్ళందరినీ దేవతల్ని చేసేయడం జనానికి అలవాటు. నాకు లేదు. ఉన్నన్నాళ్ళూ నాతో మాటకు మాట అనేది. మొగుణ్ణి నా ఎదుటే "నువ్వు" అనేది. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైంది.

నా కొడుకూ, కోడలూ పగలు వేరే వేరే ఆఫీసులకు వెళ్ళేవారు. సాయంత్రం వచ్చి ఇంకో పని మొదలుపెట్టేవారు. బట్టలు కత్తిరించడానికి కాగితం నమూనాలు గీసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది. కొలతలు ఇస్తే మెడ, చంక, చేతులు అన్నీ గీసి పెడుతుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. లోపల ఎలా తయారైందో కూడా దాచరు. నచ్చినవాళ్ళు మార్చి పంపవచ్చు. దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. మొహం చూడని మనుషులు ఎక్కడెక్కడి నుంచో ముక్కలు చేసి పంపితే, వాటిని పరీక్షించేది కోడలు, కలిపేది నా కొడుకు.

"జీతం లేని చాకిరీకి ఇంత తాపత్రయమా?" అన్నానొకసారి.

"నిన్న పక్కింటావిడ గౌనుకు గుండీలు కుట్టిచ్చారుగా అత్తయ్యా, మీకెంత జీతమిచ్చిందేం?" అంది. నలభై ఏళ్ళు బట్టలు కుట్టి బతికిన నన్ను అడగాల్సిన మాటేనా అది? అయినా ఆ గుండీలకు పైసా తీసుకోని మాట నిజమే.

రొమ్ముకు ఆపరేషన్ అయ్యాక దాని ఎడమచెయ్యి నీరుపట్టి వాచింది. జాకెట్టు మోచెయ్యి దాటి ఎక్కేది కాదు. సరిపోయేది గీసుకుందామని తమ సాఫ్ట్‌వేర్ తెరిచింది. అందులో చేతికి ఒకటే కొలత. మేం గుడ్డను మడతపెట్టి కోసినట్టే, అదీ సగం ఒళ్ళు గీసి రెండో పక్కకు తిరగేస్తుంది.

"చూశారా అత్తయ్యా, మా దుకాణంలో నాకే బట్ట లేదు," అని నవ్వింది. ఆ సాయంత్రమే కుడి ఎడమలకు వేరు వేరు కొలతలు తీసుకునేలా మార్చడం మొదలుపెట్టింది.

అది చిన్న మార్పు కాదట. పునాది కదిలించాలి. అలాంటివి పెద్ద రిలీజ్‌లోనే, అంటే కొత్త రూపు జనంలోకి వదిలేటప్పుడే చేస్తారు. అది మూడేళ్ళకోసారి వస్తుంది. ఆ ఏడాదే రావాల్సి ఉంది. నా కొడుకు వంటగది గోడకు ప్లాను కాగితం అంటించాడు. ఫలానా తేదీకి ఫ్రీజ్, అంటే ఆ తర్వాత కొత్త ముక్క ఏదీ కలపరు, తప్పులు దిద్దుకోవడమే. ఆ తర్వాత రిలీజ్.

డాక్టరమ్మ చూస్తే కోడలు ఏడాది దాటదంది. ఈ రిలీజ్ తప్పితే మళ్ళీ మూడేళ్ళంటే ఏమిటో మా ముగ్గురికీ తెలుసు. 

ఫ్రీజ్ తేదీ వెనక్కి జరిగింది. మళ్ళీ జరిగింది. ఎక్కడో కుట్టు పాఠశాల నడిపే మాష్టారు, పాఠాలు ఆపుకొని కూర్చున్నాం, రిలీజ్ ఎప్పుడని ఉత్తరం రాశాడు. కోడలు అది చదివి వంటగదిలోకి వచ్చింది. నా కొడుకు పళ్ళేలు కడుగుతున్నాడు.

"తేదీ ఎందుకు జరిపావు?"

"పరీక్షలు మిగిలాయి..."

"ఆ కథ ఊళ్ళోవాళ్ళకు చెప్పు. పరీక్షలు చేసేది నేనే, మిగిలింది నా ముక్క ఒక్కటే. నా ముక్క కలిపితే జనం దాచుకున్న పాత నమూనాలు చంక దగ్గర వంకరపోతున్నాయి. ఇంకెవరైనా ఇలాంటిది పంపితే కలిపేవాడివా?"

వాడు కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతున్నాడు.

"చెప్పు."

"కలిపేవాణ్ణి కాదు."

"మరి?"

"ఇంకెవరైనా అయితే వచ్చే రిలీజ్‌కు ఉంటారు," అన్నాడు. అని కుళాయి కట్టేయడం మరిచిపోయాడు.

నేనే కట్టేశాను. "వాడు ఆపుతానంటే ఆపనియ్యవే. నీకెందుకంత పంతం?" అన్నాను.

"చంక కుదరని జాకెట్టు మీరు మనిషికి తొడిగి పంపుతారా అత్తయ్యా, కుట్టినావిడకు ఒంట్లో బాలేదని?"

"పంపను."

"మరింకేం."

అక్కడే బల్ల దగ్గర కూర్చుని, ఎడమచెయ్యి దిండుమీద పెట్టుకుని, కుడిచేత్తో తన ముక్కను తనే వెనక్కి తీసేసింది. ఆ తర్వాత లేచి గోడమీది కాగితంలో ఫ్రీజ్ అన్నచోట ఆ రోజు తేదీ వేసింది. వాడు గోడవైపు చూడలేదు.

నేను చేయగలిగింది ఒకటే. టేపు తీసి దాని రెండు చేతులూ కొలిచాను. ఎడమది సాయంత్రానికి ఇంకా ఉబ్బేది, అందుకని సాయంత్రపు కొలతే పెట్టుకున్నాను. మెత్తటి గుడ్డ మడతపెట్టకుండా, ఒక్కో చెయ్యీ విడిగా కోశాను.

"ఫ్రీజ్ అయిపోయాక కూడా ముక్కలు కలుపుతున్నారే," అని వేళాకోళం చేసింది.

"నా దుకాణం, నా ఇష్టం. చెయ్యెత్తు," అన్నాను.

రిలీజ్ రోజున ఆ జాకెట్టే వేసుకుంది. బాగుందని జనం రాసిన ఉత్తరాలు ఒక్కొక్కటే పైకి చదివి నాకు వినిపించింది. చలి మొదలవకముందే పోయింది.

ఇప్పుడు గోడమీద వచ్చే పెద్ద రిలీజ్ ప్లాను ఉంది. మొదటి పని రెండు చేతులకూ వేరు వేరు కొలత. ఎవరు చేస్తారన్న చోట కోడలి పేరే ఉంది, పోకముందు తనే రాసుకుంది. మేం చేస్తామని ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు రాశారు. నా కొడుకు జవాబివ్వడు.

"ఒరే, ఆ పేరు తీసి ఎవరికో ఒకరికి అప్పగించు. లేదా నువ్వు కూర్చో."

"ఉండనీ అమ్మా."

"మళ్ళీ దానికోసం ఆపుతున్నావు. అది ఉంటే ఊరుకునేదా?"

 లోపలికి వెళ్ళి ఆ జాకెట్టు తెచ్చి వాడి బల్లమీద పరిచాను. "కొలతలు ఇందులో ఉన్నాయి. కొలుచుకో," అని టేపు పక్కన పెట్టాను.

కాసేపటికి తొంగిచూశాను. కంప్యూటరు వెలుగుతోంది. వాడు జాకెట్టు ఎడమ చేతిలోకి తన చెయ్యి దూర్చుకుని కూర్చున్నాడు. అది వాడికి కూడా వదులే. టేపు పెట్టినచోటే ఉంది. తిట్టడానికే వెళ్ళాను. తిట్టకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.