నాలుగు వేళ్ల బేరం

దయ్యముందని ఎవరైనా చెబితే, ఏదీ తక్కెట్లో పెట్టి చూపించమనే రకం నేను. ఖమ్మంలో కిరాణా కొట్టు వెనక గదిలో పుట్టినవాణ్ణి. చెప్పిన ధరకు దేన్నీ కొనలేదు. ఎముకలో కేన్సరు, కుడిచెయ్యి భుజం దాకా తీసెయ్యాలని హైదరాబాదు డాక్టరంటే, "మోచేతి దాకా సరిపోదా సార్?" అని అడిగాను. ఆయన నవ్వలేదు.

అది పందొమ్మిదివందల ఎనభైల్లో. కేన్సరు పోయింది, నొప్పి పోలేదు. లేని చెయ్యే నొప్పి. పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలోకి దిగుతున్నట్టు, పగలూ రాత్రీ. చెయ్యి పోయిందని నరాలకు ఇంకా తెలియదన్నారు దవాఖానాలో. చూడవచ్చినవాళ్లు బతికి బయటపడ్డావు, అదే చాలన్నారు. ఆ పిడికిలి తెరుచుకుంటే, మిగిలిన ఆయుష్షులో సగం ఇచ్చేసేవాణ్ణి.

రెండేళ్లకు, బర్రెను కొందామని బామ్మర్దితో జూలూరుపాడు దాటి, అడవి అంచున ఒక సంతకు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. అక్కడ పశువుల ధర నోటితో చెప్పరు. తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు నొక్కి చెబుతారు. చెయ్యి వెనక్కి గుంజుకుంటే బేరం చెడినట్టే. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

బర్రె దగ్గర కూర్చున్న ముసలి దళారికి కళ్లలో పొరలు. నేను ఎడమచెయ్యి చాపేలోపే నా ఖాళీ చొక్కాచేతి మీద తువ్వాల కప్పి, కిందికి చెయ్యి పోనిచ్చాడు.

నా పిడికిలిని ఎవరో పట్టుకున్నారు. వెచ్చగా, గరుకుగా.

"గింత బిగవట్టినవేంది బిడ్డా? ఇడువు."

బొటనవేలు తెరిచాడు. ఆ వేలి నొప్పి ఆగిపోయింది. తర్వాత చూపుడువేలు. నడిమి వేలు. ఉంగరం వేలు.

బామ్మర్ది నా చెవిలో, "బావా, గాయన ఉత్త తువ్వాల పట్టుకొని ఏం జేస్తుండు? అందరు నవ్వుతరు, లే" అన్నాడు.

ముసలాయన ఆ నాలుగు వేళ్లూ కలిపి నొక్కాడు. అదీ ధర. నేను పుట్టినప్పటి నుంచి చేసిందే చేశాను. మొదటి ధర కదా, చెయ్యి గుంజుకున్నాను.

తువ్వాల దులిపి లేచిపోయాడు. వెంటపడ్డాను. "తాతా, నువ్వు చెప్పిందే ఇస్తా, మళ్లా పట్టు" అని బతిమాలాను. ధర తగ్గించమని కాకుండా బతిమాలడం నాకదే మొదలు. ఆయన జాలిపడి మళ్లీ కప్పాడు. కింద వెతికాడు. చొక్కా గుడ్డ నలిగింది, అంతే.

"చెయ్యేది బిడ్డా?" అన్నాడు.

అప్పటి నుంచి ఆ నాలుగు వేళ్లు మళ్లీ నొప్పి పెట్టలేదు. నరాలు వాటంతటవే సద్దుకుంటాయన్నాడు డాక్టరు. కావచ్చు. మరి నాలుగు దగ్గరే ఎందుకు ఆగాయని అడిగితే మందుల చీటీ రాసి చేతిలో పెట్టాడు. నాకూ తెలియదు. చిటికెన వేలు మాత్రం ఇప్పుడు కూడా, ఇది రాస్తుంటే, అరచేతిలోకి దిగుతూనే ఉంది.