రెండో చాప

ముందే చెబుతున్నాను... ఇది ఎవరికో జరిగితే నేను విన్నది కాదు. నాకే జరిగింది. మా అమ్మ సమాధి మీద ఒట్టు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో మాత్రం ఆపకండి.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. గవర్నర్‌పేటలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం చేతులు నొక్కి, నరం వెతికి, రక్తం తీసే పని. దెయ్యాలకి జడిసే రకం కాదు. అప్పట్లో నా భయమంతా ఇంటి గురించే. నేనుండే హాస్టల్ బిల్డింగ్ పడగొడుతున్నామని, నెలాఖరుకి ఖాళీ చెయ్యమని చెప్పేశారు. చల్లపల్లిలో అమ్మ ఉన్న అద్దె ఇల్లు ఆమె పోయిన నెలకే వదిలేశాను. వెనక్కి వెళ్దామన్నా చోటు లేదు.

టు-లెట్ బోర్డు కనిపించిన ప్రతి గుమ్మం ముందూ ఆగాను. అందరిదీ ఒకటే ప్రశ్న, ఇంట్లో ఎంతమంది అని. ఒక్కదాన్నే అనగానే, ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారనేవాళ్ళు. బోర్డు మాత్రం మర్నాడు కూడా అక్కడే వేలాడుతూ ఉండేది. ముప్ఫై ఎనిమిదేళ్ళు, పెళ్ళి కాలేదు, వెనక ఎవరూ లేరు... నన్ను చూస్తే వాళ్ళకి ఏం కనబడేదో మరి.

అందుకే వన్ టౌన్‌లో ఆ ఇంటికి వెళ్ళినప్పుడు అబద్ధం చెప్పాను. కొండ మీద ఇళ్ళు తెలుసుగా... ఒకదాని నెత్తిన ఒకటి, మధ్యలో సన్నటి మెట్లు. నాకు చూపించింది డెబ్బై మెట్లు ఎక్కాక వచ్చే రెండు గదులు. కింది వాటాలో ఓనరు, సుబ్బలక్ష్మి ఆంటీ. పెద్దావిడ, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. ఎంతమంది అని అడగగానే, నేనూ మా పిన్నీ అనేశాను. పేరు మరియమ్మ. ఊరు హనుమాన్ జంక్షన్. మోకాళ్ళ నొప్పులు, బయటికి పెద్దగా రాదు. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో! నాకు పిన్నే లేదు.

ఆంటీ మంచిదే. మేం క్రైస్తవులమని తెలిసినా మొహం మార్చలేదు. పాలు పొంగించుకోండి, ప్రార్థన చేసుకోండి, మీ ఇష్టం అంది. ఒక్క దగ్గర మాత్రం పట్టు పట్టింది.

"ఈ రాత్రికే ఇంట్లో నిద్ర చెయ్యాలమ్మాయ్. ఒక్కదానివే చెయ్యకూడదు, ఇద్దరుండాలి. పిన్నిగార్ని రమ్మను. పొద్దున్న అద్దె కాగితం రాసుకుందాం."

రాత్రి బస్సుకి వస్తుందని చెప్పాను. ఆంటీ పొద్దున్నే వచ్చి తొంగి చూస్తే ఏం చూపించను? మార్కెట్‌కి పోయి రెండు తుంగ చాపలు కొన్నాను. ముందు గదిలో రెండూ పక్కపక్కనే పరిచాను. రెండో దాని మీద నా పాత చీర ఒకటి మడిచి తలగడలా పెట్టాను. పిన్ని బస్సు ఆలస్యమైంది, తెల్లారకముందే చర్చికి వెళ్ళింది అని చెప్పాలని కూడా అనుకున్నాను. నీళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి వస్తాయంటే, అందరి బిందెల వెనక నా ప్లాస్టిక్ బకెట్ కూడా కుళాయి దగ్గర వరసలో పెట్టి వచ్చాను. లోపల గడియ వేశాను.

పదింటప్పుడు కింద నుంచి కేక. "అమ్మాయ్, పిన్నిగారు వచ్చారా?"

"వచ్చిందండీ... పడుకుంది."

ఆ మాట గట్టిగా అన్నాక గది ఒకలాగా అయిపోయింది. ఎలా చెప్పాలో తెలియదు. ఖాళీ చాప వైపు చూడబుద్ధి కాలేదు. లైటు తీసేసి గోడ వైపు తిరిగి పడుకున్నాను. స్టేషన్‌లో రైళ్ళ గురించి చెప్పే గొంతు గాలికి వచ్చిపోతోంది. ఫ్యాను కిర్... కిర్... మంటోంది. నిద్ర పట్టింది.

ఎంతసేపయిందో. మెలకువ వచ్చింది. మెట్ల మీద ఎవరో వస్తున్నారు. ఒక అడుగు... ఆగారు. ఇంకో అడుగు... ఆగారు. మోకాలు నొప్పి ఉన్న మనిషి ఎక్కినట్టు. పై ఇళ్ళకి వెళ్ళేవాళ్ళేమో అనుకున్నాను. నా గుమ్మం ముందు ఆ అడుగులు ఆగిపోయాయి. ఇక పైకి పోలేదు. కిందికీ పోలేదు. తలుపు కొట్టలేదు.

నేను ఊపిరి బిగబట్టాను. చాలాసేపు... ఏమీ లేదు. ఫ్యాను కిర్... కిర్...

అప్పుడు వినబడింది.

నా వెనక. తుంగ చాప చప్పుడు. కొత్త చాప మీద మనిషి కూర్చుంటే సరసరమంటుంది చూశారా... అది. తర్వాత గాజులు, రెండే రెండు, ఒకదానికొకటి తగిలి ఆగాయి. తర్వాత నడుం వాల్చినప్పుడు పెద్దవాళ్ళు విడిచే నిట్టూర్పు... హమ్మయ్యా అన్నట్టు. ఆ తర్వాత ఊపిరి. లోపలికి... బయటికి... నా వీపుకి మూరెడు దూరంలో.

నేను వెనక్కి తిరగలేదు. అరవలేదు. గోడ మీద పెచ్చు ఊడిన చోటుకేసి చూస్తూ అలాగే ఉన్నాను. అరిస్తే ఆంటీ వస్తుంది. వస్తే పిన్ని లేదని తెలుస్తుంది. ఇల్లు పోతుంది. ఆ సమయంలో కూడా అదే ఆలోచన... చూడండి నా బతుకు.

ఇంకోటి చెప్పాలి. సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. ఆ ఊపిరి వింటూ వింటూ... నేను నిద్రపోయాను. హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్ళం, ఎవరి చెవుల్లో వాళ్ళ ఇయర్‌ఫోన్లు. అమ్మ పోయాక నా పక్కన ఒక మనిషి పడుకున్నట్టు నాకు అనిపించింది ఆ రాత్రే. భయంతో చచ్చిపోతూనే, పసిపిల్లలా నిద్రపోయాను.

తెల్లారింది. గడియ వేసింది వేసినట్టే ఉంది. రెండో చాప చుట్టి మూల నిలబెట్టి ఉంది. దాని పక్కనే నా చీర, నాలుగు మడతలు. నేనే నిద్రమత్తులో చుట్టానా? ఏమో. తలుపు తీస్తే గుమ్మం పక్కన బకెట్, నిండా నీళ్ళు. పక్కింటి వాళ్ళెవరైనా పట్టి పెట్టారా? ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు.

ఆంటీ కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వస్తూనే మొహం నిండా నవ్వు.

"మీ పిన్ని నాలుగింటికే కుళాయి దగ్గరికొచ్చింది. పాపం, కాలు ఈడ్చుకుంటా. నేనే బకెట్ నింపిచ్చా. పిల్ల పడుకుంది, లేపద్దన్నది."

ఎలా ఉంటుంది అని అడగలేను కదా, మా పిన్నే కదా! ఆవిడే చెప్పింది. పొట్టిగా, నల్లగా, ముగ్గుబుట్ట లాంటి తల. మా అమ్మ పొడుగు. పోయేనాటికి కూడా జుట్టు సగం నలుపే.

ఆ కుళాయి దగ్గరికి పై ఇళ్ళ ఆడవాళ్ళంతా వస్తారు. చీకటి. ఆంటీకి సరిగ్గా కనబడేది ఒక్క కంటికే. ఎవరినో చూసి ఎవరో అనుకుంది. అలా సర్దిచెప్పుకోబోయాను. అప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని నవ్వింది.

"నిద్దట్లో గుప్పిట మూసుకుని పడుకుంటావంటగా. చిన్నప్పుడూ అంతేనంట. రాత్రి వేళ్ళు విడదీసి పడుకోబెట్టానంది."

మా అమ్మ రోజూ చేసే పని అది. ఇంకెవరికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు.

ఆంటీ కాగితం మీద ఇంట్లో ఉండేవారు ఇద్దరు అని రాసి, నిజమే కదా అన్నట్టు నా వైపు చూసింది. అవునండీ అన్నాను. సంతకం పెట్టాను.

ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. ఆమె మళ్ళీ వచ్చిందో లేదో చెప్పలేను, నాకు మళ్ళీ ఏ చప్పుడూ వినబడలేదు. పిన్ని ఎలా ఉందని ఆంటీ అప్పుడప్పుడూ అడుగుతుంది, బాగానే ఉంది అంటాను. రాత్రి రెండు చాపలూ పరుస్తాను. తర్వాత గడియ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడతాను. చివరికి వేసేస్తాను. ఆమెను లోపల ఉంచి వేశానో, బయట ఉంచి వేశానో... అది మాత్రం తెలియదు.